పోలీసు హెలికాప్టర్‌లో పైలట్ సీటు ఎవరిది?

"అన్నా, పోలీసు హెలికాప్టర్ నడపాలంటే ఏం చదవాలె?" కోరుట్లలో ఇంటర్ పిల్లలతో చదువుల గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది. ఫోన్‌లో అమెరికా వీడియో ఏదో చూసిందట. దొంగ కారును పైనుంచి వెంటాడే హెలికాప్టర్, అందులో యూనిఫాం వేసుకున్న మహిళా పైలట్. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న. ఒక్క మాటలో తేలే జవాబు లేదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆమె చూసిన వీడియోలోని ఉద్యోగం మన దేశంలో ఆ రూపంలో లేదు. అమెరికాలో చాలా పోలీసు శాఖల్లో పద్ధతి ఏమిటంటే, ముందు మామూలు పోలీసుగా చేరి కొన్నేళ్లు వీధుల్లో గస్తీ తిరగాలి. ఆ తర్వాత ఆ శాఖ విమాన విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి. లాస్ ఏంజెలెస్ పోలీసులకు 1956 నుంచీ హెలికాప్టర్లు ఉన్నాయి. బ్రిటన్ పద్ధతి వేరు. అక్కడ 2012లో ఇంగ్లండ్, వేల్స్ పోలీసు దళాలకు కలిపి ఒక జాతీయ వైమానిక సేవను పెట్టారు, అందులో పైలట్లు పోలీసులు కారు, పౌర ఉద్యోగులు. మన దగ్గర పోలీసు వ్యవస్థ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. చాలా రాష్ట్రాల పోలీసులకు సొంత హెలికాప్టరే ఉండదు, ఇక పైలట్ ఎక్కడుంటాడు? కేరళ పోలీసులు 2020లో పవన్ హన్స్ నుంచి ఒక హెలికాప్టర్‌ను అద్దెకు తీసుకున్నారు. నెలకు 20 గంటల ఎగురుడుకు రూ.1.44 కోట్లు, పన్ను అదనం. ఆ డబ్బుతో హెలికాప్టర్‌తో పాటు పైలట్ కూడా అద్దెకు వస్తాడు. అతను కేరళ పోలీసు కాడు.

పోలీసు పైలట్ అనే మాటకు మన దేశంలో అతి దగ్గరగా ఉండేది సరిహద్దు భద్రతా దళం, అంటే బీఎస్‌ఎఫ్ ఎయిర్ వింగ్. 1969లో మొదలైంది. కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. మి-17, ధ్రువ్, చీతా హెలికాప్టర్లు నడిపింది. రాయ్‌పూర్, రాంచీ లాంటి చోట్ల నుంచి అడవుల్లోని క్యాంపులకు జవాన్లను, సరుకులను మోస్తుంది, గాయపడిన వాళ్లను తెస్తుంది.

ఈ ఉద్యోగం మన ఊళ్లకు సంబంధం లేనిదేమీ కాదు. 2025 ఆగస్టు చివర్లో వరదలు వచ్చినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర, ఎగువ మానేరు ప్రవాహంలో ఐదుగురు చిక్కుకుపోయారు. వాళ్లను బయటికి తెచ్చింది రక్షణ శాఖ హెలికాప్టర్. అంతకు ఏడాది ముందు, 2024 సెప్టెంబర్ 1న, ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి వెళ్లి తీసుకొచ్చాడు. వరద వచ్చిన ప్రతిసారీ రాష్ట్రం ఢిల్లీకి ఫోన్ చేయాల్సి వస్తోంది. ఏటి ఒడ్డున, లోతట్టు భూమిలో గుడిసె వేసుకున్నది ఎవరో మనకు తెలుసు. హెలికాప్టర్ ఎంత త్వరగా వస్తుందనేది మన వాడలకు ప్రాణాల లెక్క.

రిజర్వేషన్ ఎక్కడ ఆగింది

ఇక అసలు విషయానికి వద్దాం. బీఎస్‌ఎఫ్ కేంద్ర ప్రభుత్వ దళం కదా, కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 15 శాతం ఉంది కదా, మరి పైలట్ పోస్టుల్లో మన వాటా ఎంత అని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడే ఒక మెలిక ఉంది.

నేరుగా భర్తీ చేసే పోస్టులకు రిజర్వేషన్ వర్తిస్తుంది. డిప్యుటేషన్ మీద, అంటే వేరే శాఖ నుంచి అరువు తెచ్చుకొని నింపే పోస్టులకు వర్తించదు. ఎయిర్ వింగ్‌కు పైలట్లు ప్రధానంగా వచ్చేది వైమానిక దళం నుంచి. డిప్యుటేషన్ మీద వస్తారు, లేదా రిటైరైన తర్వాత చేరతారు. వైమానిక దళంలో గానీ, సైన్యం, నౌకాదళంలో గానీ కుల రిజర్వేషన్ లేదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్షలో ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఫీజు మినహాయింపు మాత్రం ఉంది, వయసు సడలింపు కూడా లేదు. ప్రైవేటు విమానయాన సంస్థల్లో రిజర్వేషన్ ఊసే లేదు. అంటే, ఎక్కడి నుంచి పైలట్లను తెచ్చుకుంటారో అక్కడా మన వాటా లేదు, తెచ్చుకునే పద్ధతిలోనూ లేదు. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. అయినా సీటు మన దాకా రాదు.

సంఖ్య ఎక్కువగా ఉన్నప్పుడు డిప్యుటేషన్ పోస్టుల్లో కూడా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకు న్యాయమైన వాటా ఉండేలా చూడాలని కేంద్ర సిబ్బంది శాఖ సూచన ఉంది. సూచన అంటే హక్కు కాదు. దాన్ని పట్టుకొని కోర్టుకు వెళ్లడం కష్టం. అయితే పార్లమెంటులో ప్రశ్న అడిగించడానికి, జాతీయ ఎస్సీ కమిషన్‌కు వినతి ఇవ్వడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.

నేల మీద పరిస్థితి వేరు. అదే ఎయిర్ వింగ్‌లో అసిస్టెంట్ ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్, రేడియో మెకానిక్, స్టోర్‌మన్ లాంటి పోస్టులకు నేరుగా నోటిఫికేషన్లు వస్తాయి. వాటికి రిజర్వేషన్ ఉంది, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. రిజర్వేషన్ హ్యాంగర్ దాకా వచ్చి కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగిపోయిందన్నమాట. ఈ పోస్టులను మేము తక్కువ చేయడం లేదు. 2015 డిసెంబర్ 22న ఢిల్లీలో బీఎస్‌ఎఫ్ సూపర్ కింగ్ విమానం కూలి పది మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది రాంచీలో హెలికాప్టర్ బాగుచేయడానికి బయల్దేరిన టెక్నీషియన్లు. నాచుపల్లి జేఎన్‌టీయూలోనో, పాలిటెక్నిక్‌లోనో చదువుతున్న మన పిల్లల్లో చాలామందికి ఈ నోటిఫికేషన్ల సంగతే తెలియదు. మెకానిక్ పోస్టుకు మామూలు ఇంజనీరింగ్ డిగ్రీ చాలదు. డీజీసీఏ గుర్తించిన మూడేళ్ల విమాన నిర్వహణ కోర్సు గానీ, వైమానిక దళం ఇచ్చే సాంకేతిక ధ్రువపత్రం గానీ ఉండాలి. ముందే తెలిస్తే ఇంటర్ తర్వాత ఆ దారి పట్టొచ్చు.

యాభై లక్షల గోడ

పైలట్ కావడానికి రెండు దారులున్నాయి. ఒకటి సొంత డబ్బుతో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకోవడం. విమానాలకైతే 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 200 గంటలు ఎగరాలి, డీజీసీఏ పరీక్షల్లో ఒక్కో పేపర్‌లో 70 శాతం రావాలి, క్లాస్ 1 వైద్య పరీక్ష పాసవాలి, రేడియోలో మాట్లాడే లైసెన్స్, ఇంగ్లిష్ ప్రావీణ్య ధ్రువీకరణ ఉండాలి. మొత్తం ఖర్చు నలభై నుంచి అరవై లక్షలు. ఒక రకం విమానం మీద ప్రత్యేక శిక్షణ కావాలంటే ఇంకో పది పదిహేను లక్షలు పైనే. హెలికాప్టర్ లైసెన్స్ వేరు. దాన్ని నేర్పే పౌర సంస్థలు దేశంలో చాలా తక్కువ. బెంగళూరులో హెచ్‌ఏఎల్ వాళ్ల రోటరీ వింగ్ అకాడమీ వాటిలో ఒకటి. గంట ఖర్చు విమానం కంటే చాలా ఎక్కువ.

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే ఇల్లో, కోరుట్లలో బీడీలు చుట్టే ఇల్లో తీసుకోండి. నెలకు పదిహేను వేలు వస్తాయనుకుందాం. ఒక్క రూపాయి తినకుండా దాచినా యాభై లక్షలు కావడానికి 27 ఏళ్లు దాటుతుంది. బ్యాంకు లోన్ అంటారా? రూ.7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకులు తాకట్టు అడుగుతాయి. భూమి లేనివాడికి తాకట్టు పెట్టడానికి ఏముంటుంది? తాతల కాలంలో జీతం ఉన్న ఇంటి పిల్లకు మనవల కాలంలో లోన్ రాకపోవడం వెనుక ఉన్నది అదే భూమి లెక్క.

ప్రభుత్వ పథకాలు లేవని కాదు, ఉన్నాయి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కమర్షియల్ పైలట్ కోర్సు మొదటి గ్రూపులోనే ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ కిందికి కూడా పైలట్ శిక్షణ వస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉండాలి. కానీ ఆ పథకం నియమాల్లో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులకు పెట్టిన పరిమితి చూడండి: ఏడాదికి రూ.3.72 లక్షలు. యాభై లక్షల బావికి నాలుగు మూరల తాడు ఇచ్చినట్టుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో 1985లో పెట్టిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రభుత్వ సంస్థ, సీట్లలో ఎస్సీ రిజర్వేషన్ ఉంది. సీటు వచ్చినా అక్కడి ఫీజు కూడా నలభై ఐదు లక్షల చుట్టుపక్కలే. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఇచ్చే రూ.20 లక్షలు విదేశాల్లో పీజీ చదువులకే, పైలట్ శిక్షణకు కాదు. దళిత బంధు రూ.10 లక్షలతో ట్రాక్టరో కారో వచ్చింది, సంతోషం. విమాన శిక్షణలో అది ఐదో వంతు.

ప్రభుత్వం తలుచుకుంటే చెక్కు రాయగలదని మాత్రం రుజువుంది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా దాతల సాయంతో లైసెన్స్ దాకా వెళ్లింది. పెద్ద విమానాల శిక్షణకు డబ్బు లేక ఆగిపోతే తెలంగాణ ప్రభుత్వం రూ.35 లక్షలకు పైగా ఇచ్చింది. ఆమె పైలట్ అయింది. ఒడిశాలో మల్కన్‌గిరి ఆదివాసీ అమ్మాయి అనుప్రియా లక్రా తండ్రి పోలీసు హవల్దార్. ఆమె 2012లో ఇంజనీరింగ్ మానేసి ఏవియేషన్ అకాడమీలో చేరితే పైలట్ కొలువు దొరికింది 2019లో. ఏడేళ్లు పట్టింది. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడు పత్రికలు పట్టుదల గురించి రాస్తాయి. ఆ ఏడేళ్లు ఇల్లు ఎలా గడిచింది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు అని రాయవు.

కాక్‌పిట్ దాకా వెళ్లినా కులం దిగిపోదు. 2025లో ఒక ప్రైవేటు విమానయాన సంస్థలో శిక్షణలో ఉన్న దళిత పైలట్, తనను కులం పేరుతో అవమానించారని, చెప్పులు కుట్టుకోమన్నారని బెంగళూరులో పోలీసులకు ఫిర్యాదు చేశారు. అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది. సంస్థ ఆరోపణలను ఖండించింది. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. జీరో ఎఫ్‌ఐఆర్ అనే పద్ధతి ఉంది కాబట్టే ఘటన జరిగింది గురుగ్రామ్‌లో అయినా ఫిర్యాదు బెంగళూరులో తీసుకున్నారు. ఈ విషయం మన విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

రెండో దారిలో రూపాయి ఖర్చు లేదు. ఎన్‌డీఏ ద్వారా ఇంటర్ తర్వాత, 16½ నుంచి 19½ ఏళ్ల మధ్య. లేదంటే డిగ్రీ తర్వాత 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఏఎఫ్‌క్యాట్ ద్వారా. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. సుప్రీంకోర్టు 2021లో జోక్యం చేసుకున్నాక ఎన్‌డీఏ అమ్మాయిలకూ తెరుచుకుంది. వైమానిక దళంలో హెలికాప్టర్ నడిపినవాళ్లే తర్వాత బీఎస్‌ఎఫ్‌కు గానీ, రాష్ట్ర ప్రభుత్వాల హెలికాప్టర్లకు గానీ వస్తారు. కాబట్టి కోరుట్ల అమ్మాయి ప్రశ్నకు మేమిచ్చే సూటి జవాబు ఇది: పేదింటి పిల్లలు పోలీసు హెలికాప్టర్ దాకా వెళ్లే దారి వైమానిక దళం గుండా పోతుంది. ఒక హెచ్చరిక కూడా. పైలట్ ఎంపికలో కంప్యూటర్ మీద పెట్టే ప్రత్యేక పరీక్ష ఒకటుంది, జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. సాధన లేకుండా, చూసొద్దామని వెళ్లి ఆ అవకాశాన్ని పాడుచేసుకోవద్దు.

ఈ రెండు దారులూ పదో తరగతి అయిపోయిన వేసవిలోనే చాలామందికి మూసుకుపోతాయి. ఎంపీసీ కష్టమని, సర్కారు కాలేజీలో లెక్కల సార్ లేడని, సీఈసీలో చేరిపోతారు. పదహారేళ్లప్పుడు తీసుకున్న ఆ నిర్ణయంతో పైలట్ అర్హత పోయిందని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. ఓపెన్ స్కూల్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ మళ్లీ రాసి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, అది గుర్తుంచుకోవాలి. కరీంనగర్ జిల్లా చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక్ స్కూల్ ఉంది, అబ్బాయిలకు. అమ్మాయిలకు యాదాద్రి భువనగిరి జిల్లాలో సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కాలేజీ ఉంది. ఇంకో మాట, డబ్బు కట్టే ముందు కంటి పరీక్ష, క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి. రంగులు సరిగా గుర్తుపట్టలేని వాళ్లను ఆ దశలోనే ఆపేస్తారు. ఫీజు కట్టాక తెలిస్తే పోయేది అమ్మ పుస్తెలతాడు.

కింద నిలబడి ఎగరేసే కొలువు

ఇప్పుడు పోలీసులు ఎక్కువగా ఎగరేస్తున్నది డ్రోన్లు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే చాలు. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో కొద్ది రోజుల కోర్సు ఉంటుంది. ఖర్చు వేలల్లోనే, లక్షల్లో కాదు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఈ శిక్షణ ఇస్తోంది. చెన్నై పోలీసులు 2023లో ప్రత్యేక డ్రోన్ విభాగమే పెట్టుకున్నారు. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు తీసే కానిస్టేబుల్ అభ్యర్థులకు మా సలహా, కొలువు వచ్చాక ఈ సర్టిఫికెట్ తెచ్చుకోండి. రాకపోయినా వ్యవసాయంలో, సర్వేల్లో పని దొరుకుతుంది.

అయితే డ్రోన్ చేతికి వచ్చాక అది ఎటు చూస్తుందనే ప్రశ్న వస్తుంది. ఈ ప్రాంతానికి ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ఎక్కువ. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి వద్దని, కూలి పెంచమని కూలీలు, జీతగాళ్లు వేలాదిగా కదిలారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరం వాళ్లకు పోలీసు అంటే ఊరి బడిలో క్యాంపు. ఈ తరం పిల్లలకు పోలీసు అంటే నెలనెలా జీతం వచ్చే కొలువు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

లాస్ ఏంజెలెస్ పోలీసు హెలికాప్టర్ల మీద ఆ నగర కంట్రోలర్ 2023 డిసెంబర్‌లో ఆడిట్ విడుదల చేశారు. ఏడాదికి దాదాపు 4.7 కోట్ల డాలర్ల ఖర్చు, ఎగిరిన సమయంలో 61 శాతం తీవ్ర నేరాలతో సంబంధం లేనిదే. ఆ హెలికాప్టర్ల మోత ఎక్కువగా తమ పేటల మీదే ఉంటుందని అక్కడి నల్లవాళ్లు, లాటినోలు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. మన దేశంలో 2024 ఫిబ్రవరిలో శంభు సరిహద్దు దగ్గర హర్యానా పోలీసులు రైతుల మీద డ్రోన్లతో బాష్పవాయువు వదిలారు. తెలంగాణలో పోలీసులు ముఖాలు గుర్తుపట్టే సాంకేతికత వాడటాన్ని ప్రశ్నిస్తూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. డ్రోన్ కెమెరాకు ఆ సాంకేతికత జోడిస్తే ధర్నాలో ఎవరెవరు నిలబడ్డారో ఆకాశం నుంచే రాసుకోవచ్చు.

అందుకని మన పిల్లలు ఈ కొలువుల్లోకి వెళ్లొద్దనే వాళ్లతో మేము ఏకీభవించం. అంబేద్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదార్. ఆ కొలువు ఇచ్చిన చదువు విలువ ఆయనకు తెలుసు. రౌండ్ టేబుల్ సమావేశంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో తగిన వాటా కావాలని అడిగాడు, రాజ్యాన్ని విమర్శించడం మాత్రం మానలేదు. సీటు అడగడం, ఆ సీటులో కూర్చున్న వాళ్లకు నియమాలుండాలని అడగడం మాకు రెండు వేర్వేరు ఉద్యమాలుగా కనిపించవు.

సీటు సంగతికి చట్టం చేతిలోనే ఉంది. ఎస్సీ, ఎస్టీల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెలంగాణలో 2017లో వచ్చింది. ఆ నిధి నుంచి ఏటా కొందరు పిల్లలకు బేగంపేటలోనో, ఫుర్సత్‌గంజ్‌లోనో పూర్తి ఫీజు కట్టమని అడగొచ్చు. పది మందికి ఐదారు కోట్లు. రాష్ట్ర బడ్జెట్‌లో అది కనిపించనంత చిన్న అంకె. టాప్ క్లాస్ పథకంలో రూ.3.72 లక్షల పరిమితి ఎత్తేయమని ఎంపీలను అడగొచ్చు.

నియమాల సంగతికి సమాచార హక్కు చట్టం ఉంది. 2021 డ్రోన్ నిబంధనలు సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల డ్రోన్లకు వర్తించవని రాశారు. ఆ జాబితాలో పోలీసులు లేరు. కాబట్టి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల ఎస్పీ కార్యాలయాల్లోని ప్రజా సమాచార అధికారులకు దరఖాస్తు పెట్టండి. జిల్లాలో ఎన్ని డ్రోన్లున్నాయి, వాటి గుర్తింపు సంఖ్యలేమిటి, ఎగరేసేవాళ్లలో ఎంతమందికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది, ప్రైవేటు ఆపరేటర్లకు ఎంత చెల్లించారు, తీసిన వీడియో ఎన్నాళ్లు దాస్తారు, ఏ ఉత్తర్వు ప్రకారం చెరిపేస్తారు అని విడివిడిగా అడగండి. ఫీజు రూ.10, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. దర్యాప్తుకు ఆటంకమని సెక్షన్ 8(1)(హెచ్) చూపించి తిప్పికొట్టవచ్చు. డ్రోన్ల సంఖ్యకూ, సర్టిఫికెట్లకూ ఏ దర్యాప్తుతోనూ సంబంధం లేదని రాసి, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.